‘హానరబుల్’ ఎవరికి, ‘గారు’ ఎవరికి, ‘డు’ ఎవరికి?

సంపాదకులకు,

పత్రికలూ, ప్రభుత్వ కార్యాలయాలూ, ఉత్సవ కమిటీలూ మనుషుల పేర్ల ముందు తగిలిస్తున్న ఇంగ్లీషు గౌరవపదాలు ఏటికేడు పెరిగిపోతున్నాయి. ‘హానరబుల్’, ‘ఎమినెంట్’, ‘రెప్యూటెడ్’, ఎక్కడో ఒక సంస్థ శాలువా కప్పి ఇచ్చిన పత్రం పుణ్యమా అని వచ్చి చేరిన ‘డాక్టర్’, వీటిలో చాలావాటికి పుట్టిన భాషలో ఉన్న కట్టుబాటును ఇక్కడ ఎవరూ పాటించడం లేదు, తెలుగులో వాటి అవసరమూ లేదు. గౌరవం చూపడానికి తెలుగుకు ఉన్న సొంత సాధనం క్రియ చివర ఉంటుంది. దాన్ని పంచిపెట్టడంలో పత్రికలు చూపుతున్న పంక్తిభేదమే నిజానికి చర్చకు రావలసిన విషయం.

ఇంగ్లీషులో మంత్రి వచ్చినా పాలేరు వచ్చినా ‘కేమ్’ ఒక్కటే క్రియ, ఎదుట ఉన్నది ఎవరైనా ‘యూ’ ఒక్కటే పిలుపు. చనువు ఉన్నచోట, చిన్నవారిదగ్గర పూర్వం వాడిన ‘దౌ’ అనే ఏకవచనం పదిహేడో శతాబ్దంలో క్రమంగా వాడుక తప్పింది. ఆ శతాబ్దంలోనే క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవారు దొరకూ కూలికీ అదే ఏకవచనం వాడి, బిరుదులు పలకబోమని పట్టుబట్టి జైళ్ల పాలయ్యారు కూడా. వ్యాకరణంలో చోటు లేనందువల్ల ఆ భాష గౌరవాన్నంతా పేరుకు వెలుపల పేర్చుకున్నది, పేర్చిన ప్రతి మాటకూ ఒక కట్టుదిట్టం చేసుకున్నది. ‘సర్’ అనే నైట్ బిరుదు మనిషి సొంత పేరు ముందే చేరుతుంది గాని ఒట్టి ఇంటిపేరు ముందు చేరదు. అతని భార్య ‘లేడీ’ అవుతుంది. మన దేశపు వాడుకలో ‘హానరబుల్’ మనిషి గుణాన్ని చెప్పే మాట కాదు, అతను కూర్చున్న కుర్చీని చెప్పే మాట. ‘డాక్టర్’ సంగతి మరీ విచిత్రం: బ్రిటన్‌లో మందులిచ్చే వైద్యుణ్ణి డాక్టర్ అంటారు, కత్తి పట్టే సర్జన్ మాత్రం మంగళ్ల సంఘంతో కలిసి ఉన్ననాటి ఆనవాయితీ ప్రకారం నేటికీ ‘మిస్టర్’ అనే పిలిపించుకుంటాడు, అందుకు గర్వపడతాడు కూడా. గౌరవ డాక్టరేటు పొందినవారు దాన్ని పేరు ముందు తగిలించుకోకపోవడం అక్కడ మర్యాద. బందరులో ప్రాక్టీసు పెట్టిన భోగరాజు పట్టాభి సీతారామయ్య ‘డాక్టర్ పట్టాభి’ అయింది రోగుల నాడి పట్టుకున్నందుకే గాని సన్మాన సభల్లో దండలు పడినందుకు కాదు. ఇక ‘రెప్యూటెడ్’ అనే మాటకు ఆ భాషలో ‘అని చెప్పుకుంటారు’ అనే అనుమానపు నీడ ఉంది. ప్రకటనల్లో తమ కాలేజీని రెప్యూటెడ్ అని వేయించుకునేవారికి ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.

ఈ పదాలు కృష్ణా డెల్టాకు ఈస్టిండియా కంపెనీ కొలువుల వెంట వచ్చాయి. మద్రాసు ప్రెసిడెన్సీ ఇంగ్లీషు రికార్డుల్లో దొరల పేర్ల వెనుక ‘ఎస్క్వైర్’ అని ఉంటే, ఇక్కడివారి పేర్ల ముందు ‘మహారాజరాజశ్రీ’ అనే పలుకుబడిని పొడి అక్షరాలుగా కుదించి ‘ఎం.ఆర్.ఆర్‌వై.’ అని వేసేవారు; పేరు చివర తమిళులకు ‘అవర్గళ్’, తెలుగువారికి ‘గారు’ ఇంగ్లీషు అక్షరాల్లోనే అచ్చయ్యేవి. అంటే పాలకుల భాష సైతం తెలుగువాణ్ణి మర్యాదగా పేర్కొనవలసి వచ్చినప్పుడు ‘గారు’ను అరువు తెచ్చుకోక తప్పలేదు. దానిపైన రావు సాహెబు, రావు బహద్దరు, దివాన్ బహద్దరు అనే మెట్లు ఉండేవి. కందుకూరి వీరేశలింగానికి 1893లో రావు బహద్దరు, గిడుగు రామమూర్తికి 1913లో రావు సాహెబు బిరుదులు వచ్చాయి. బందరులో పుట్టిన రఘుపతి వెంకటరత్నం నాయుడు 1924లో ‘సర్’ అయ్యారు. అయితే ఆంధ్రదేశం ఆయనను తలుచుకునేది ‘బ్రహ్మర్షి’ అని. యలకుర్రులో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు ‘దేశోద్ధారక’ అయింది ఏ గెజిట్టు వల్లనూ కాదు. భట్లపెనుమర్రు పింగళి వెంకయ్య కథ ఇంకా ముచ్చటైనది: జపాన్ భాషలో ప్రసంగించినందుకు జపాన్ వెంకయ్య, కంబోడియా పత్తి మీద పరిశోధించినందుకు పత్తి వెంకయ్య, వజ్రాల శాస్త్రం తెలిసినందుకు డైమండ్ వెంకయ్య. ఈ మూడు పిలుపుల్లో ఇంగ్లీషు మాట ఉండవచ్చు, పరాయి పంట ఉండవచ్చు, కాని ప్రతి ఒక్కటీ ఆయన చేసిన పనినే చెబుతుంది. ‘ఎమినెంట్ సైంటిస్ట్’ అని వేసి ఉంటే ఏం చేశారో ఎవరికీ తెలిసేది కాదు.

ఇంగ్లీషు మాట అయినంత మాత్రాన తీసిపారేయాలన్నది వాదం కాదని దీనివల్లనే స్పష్టమవుతుంది. మాస్టరు ‘మాస్టారు’ అయి, డాక్టరుకూ కలెక్టరుకూ ‘గారు’ తోడయి తెలుగింట్లో ఎప్పుడో కలిసిపోయాయి, అవి పనిపేర్లు. అభ్యంతరమల్లా పని చెప్పకుండా ప్రతిష్ఠను మాత్రమే చాటే మాటల పట్ల. రాజ్యాంగం 18వ అధికరణం సైనిక, విద్యా సంబంధమైనవి తప్ప మరే బిరుదూ రాజ్యం ఇవ్వరాదన్నది. పద్మ పురస్కారాలు బిరుదులు కావని, పేరుకు ముందు గాని వెనుక గాని వాటిని వాడరాదని సుప్రీంకోర్టు 1995లో తేల్చింది. అయినా ‘పద్మశ్రీ’ ఇంటిపేరు కంటే ముందు నడుస్తూనే ఉంది. న్యాయమూర్తులను ‘మై లార్డ్’ అనడానికి బదులు ‘యువర్ ఆనర్’ వంటి మాటలు చాలునని బార్ కౌన్సిల్ 2006లో నియమం చేసింది. 2012లో రాష్ట్రపతి భవనం సైతం దేశంలోపలి వ్యవహారాల్లో ‘హిజ్ ఎక్సలెన్సీ’ని పక్కన పెట్టింది. పైన ఇంత తగ్గుతుంటే కోడూరు, అవనిగడ్డ సెంటర్లలో కట్టే ఫ్లెక్సీల మీద వార్డు మెంబరుకు కూడా ‘హానరబుల్’ తగులుతోంది.

ఇప్పుడు క్రియ సంగతి. ఒక్క మనిషినే బహువచనంలో పేర్కొని మర్యాద చూపడాన్ని గౌరవ బహువచనం అంటారు. ‘వచ్చాడు’కు బదులు ‘వచ్చారు’ అనడం అదే. తెలుగు పత్రికలు వార్తలో ‘గారు’ వేయవు, అది మంచి అలవాటే. మర్యాద భారమంతా ఆ ‘రు’ మోస్తుంది. జిల్లా పేజీలో పక్కపక్కన పడే రెండు మరణవార్తలను పోల్చి చూస్తే దాని నడక తెలుస్తుంది: విశ్రాంత తహసీల్దారు ‘మృతి చెందారు’, పాలకాయతిప్ప దగ్గర వేటకు వెళ్లిన మత్స్యకారుడు ‘మృతి చెందాడు’. నాట్లకు వెళ్తూ ఆటో తిరగబడి పోయిన కూలీ మనిషి ‘మృతి చెందింది’. ఆమెకు దక్కిన ఆ ‘ది’ గేదెకూ చెట్టుకూ వాడేది కూడాను. అధికారిణి పోతే అదే క్రియ ‘చెందారు’ అవుతుంది. ఆడవారిలోనూ మగవారిలోనూ ఎవరికి ‘రు’ అనేది ఉద్యోగాన్నిబట్టీ, ఆస్తినిబట్టీ, రాసేవారి ఊహనుబట్టీ నిర్ణయమవుతున్నది. ఇంగ్లీషు పత్రికలో వీరందరికీ ‘డైడ్’ ఒక్కటే. గౌరవపదాల కోసం ఆ భాషవైపు ఇంతగా చేతులు చాచేవారు ఈ సమానత్వాన్ని మాత్రం తెచ్చుకోలేదు.

శీర్షికలో చోటు చాలదనే సాకు ఇక్కడ చెల్లదు, ఎందుకంటే ‘చెందాడు’, ‘చెందారు’ రెండూ మూడక్షరాలే. ఊళ్లో అందరూ ఏకవచనంలోనే పిలుచుకుంటారు గదా అనే మాట కొంత బలమైనది. అయితే ఆ ఏకవచనం చనువుది, ఆ మనిషితో కలిసి తిన్నవారిది. ఎన్నడూ ముఖం చూడని విలేకరికి ఆ చనువు ఎక్కడిది? అసలు మా దివిసీమ వాడుకలో కొత్త మనిషి ఎవరైనా, ఆటో నడిపేవారైనా చేపలమ్మే ఆమె అయినా, మాట చివర ‘అండి’ చేరకుండా సంభాషణ సాగదు. రోడ్డు మీద ఉన్న మర్యాద అచ్చులోకి రావడానికి అడ్డం ఏమీ లేదు. నేరం చేసినవారికి కూడా ‘రు’ వేయాలా అని అడిగేవారూ ఉంటారు. పోలీసులు పట్టుకున్న మనిషి కోర్టు తేల్చేవరకు నిందితుడే, పైగా ఆర్థిక నేరాల్లో చిక్కిన పెద్దమనుషులకు పత్రికలు ఇప్పటికే ‘రు’ వేస్తున్నాయి గాబట్టి కొత్తగా పోయే పరువేమీ లేదు.

మీ పత్రిక ముందుగా కృష్ణా జిల్లా పేజీ వరకైనా తన శైలి నియమాలను మార్చుకోవడం సాధ్యమే: పేరు ముందు చేసే పని తప్ప మరే విశేషణమూ వేయకపోవడం, పురస్కారాన్ని చెప్పవలసి వస్తే అది ఏ పనికి, ఏ సంవత్సరంలో వచ్చిందో వాక్యంలో చెప్పడం, వైద్యులకూ పరిశోధన పట్టా ఉన్నవారికీ మాత్రమే ‘డాక్టర్’ ఉంచడం, వయసు వచ్చిన ప్రతి మనిషికీ, ఆడవారికి మరీ ముఖ్యంగా, గౌరవ బహువచనం వాడటం. రుసుము చెల్లించి వేయించుకునే శుభాకాంక్షల, సంతాపాల ప్రకటనలు డబ్బిచ్చినవారి ఇష్టం కాబట్టి ప్రస్తుతానికి వాటి జోలికి పోనక్కరలేదు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
కోడూరు, కృష్ణా జిల్లా