పాఠం చదివే బిడ్డ ఆనవాళ్లు ఎవరికి?

హోసూరులోనో, బళ్లారిలోనో, బరంపురంలోనో ఉన్న ఉపాధ్యాయుడు తన పిల్లల కోసం గుణింతాలు, శతక పద్యాలు, పాత ప్రశ్నపత్రాలు సొంత వెబ్‌సైటులో ఉంచుతున్నాడంటే అది మెచ్చదగిన పని. అయితే ఆ పుట తెరిచిన బిడ్డ వెంట ఇంకా ఎవరెవరు వస్తున్నారో ఆయనకు తెలుసునా అన్నదే నా సందేహం.

కుకీ అనగానే భయపడనక్కరలేదు. 1994లో నెట్‌స్కేప్ సంస్థలో పనిచేస్తున్న లూ మాంటుల్లీ దీనిని రూపొందించాడు. వెబ్‌కు స్వతహాగా జ్ఞాపకం లేదు. ఇందాక ఒక పుట అడిగినవారే ఇప్పుడు మరొకటి అడుగుతున్నారని సర్వరుకు తెలియదు. అందుచేత అది ఒక చిన్న చీటీ రాసి బ్రౌజరు చేతికిస్తుంది; బ్రౌజరు మళ్లీ వచ్చినప్పుడల్లా ఆ చీటీ చూపుతుంది. ఇంతవరకు తప్పు పట్టవలసినదేమీ లేదు.

చిక్కంతా మన పుటలో మనమే అతికించుకున్న పరాయి వస్తువులతో. ఉచితంగా దొరికే సందర్శకుల లెక్కింపు, పద్యం పాడిన వీడియో, ఏదో ఒక ప్రకటన - ఇవన్నీ వేరే సంస్థల కంప్యూటర్ల నుండి వచ్చేవి. అవీ తమ చీటీలు అంటించగలవు. అదే సంస్థ సరుకు వేలాది ఇతర సైట్లలోనూ ఉంటుంది గనుక బిడ్డ ఎక్కడెక్కడ తిరిగిందో పోగు చేసుకోవచ్చు. సఫారీ 2020లో ఇటువంటి పరాయి కుకీలను పూర్తిగా అడ్డుకున్నది. క్రోమ్‌లోనూ ఆపుతామని అదే ఏడు ప్రకటించిన గూగుల్, 2024లో ఆ ఆలోచన విరమించుకున్నది. మన పిల్లల ఇళ్లలో ఉన్నవేమో చాలావరకు ఆండ్రాయిడ్ ఫోన్లే.

"మా పుటకు వచ్చేది నలభై మంది, వారి సంగతి ఎవరికి కావాలి?" అని కొందరంటారు. నాకు అందుకే ఎక్కువ దిగులు. పెద్ద నగరంలో ఆంగ్ల వార్త చదివినవాడు గుంపులో కలిసిపోతాడు. పొరుగు రాష్ట్రపు చిన్న ఊరి నుండి పదవ తరగతి తెలుగు పాఠం తెరిచిన పిల్ల అలా కలవదు. ఊరు, తరగతి, మాతృభాష మూడూ ఒకే చోట చేరితే పేరు చెప్పనక్కరలేదు. ఇక లెక్కింపు తీసేస్తే ఎందరు చదివారో ఎలా తెలుస్తుందంటారా, సోమవారం తరగతిలో పద్యం అప్పజెప్పమనండి, తెలుస్తుంది.

అక్షరాల సంగతి మరీ విచిత్రం. మండలి, రామభద్ర వంటి అందమైన తెలుగు ఖతులను గూగుల్ నుండి నేరుగా పిలిపించుకుంటే, చదువరి ఐపీ చిరునామా అక్కడికి చేరుతుంది. ఇందులో కుకీ అవసరమే లేదు. ఇటువంటి పనికే 2022 జనవరిలో మ్యూనిక్ న్యాయస్థానం ఒక సైటు యజమానిని 100 యూరోలు చెల్లించమన్నది. ఆ ఖతులు స్వేచ్ఛగా వాడుకోదగినవే. దించుకొని మన సర్వరులోనే ఉంచుకుంటే సరిపోతుంది. వీడియోనూ పుటలో పొదగకుండా లంకె మాత్రమే ఇస్తే, నొక్కినవారే అక్కడికి వెళతారు.

మన దేశంలో గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పింది. ఆ వ్యాజ్యం వేసిన పుట్టస్వామిగారు కర్ణాటక ఉన్నత న్యాయస్థానపు విశ్రాంత న్యాయమూర్తి. 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పదునెనిమిదేళ్లు నిండని వారి విషయంలో తల్లిదండ్రుల అనుమతి కావాలన్నది. వారి పోకడలను వెంబడించడాన్ని, వారికి గురిపెట్టిన ప్రకటనలను నిషేధించింది. బడులకు చదువు, భద్రతల నిమిత్తం కొన్ని మినహాయింపులున్నాయి. నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ముఖ్య బాధ్యతల అమలుకు 18 నెలల గడువిచ్చారు. మన చిన్న పుట ఈ చట్టం కిందికి వస్తుందా రాదా అన్నది వకీళ్ల వాదన. వస్తేనే పిల్లల మర్యాద కాపాడుతామనడం ఉపాధ్యాయులకు తగదు.

అదే చట్టంలో మనవంటి వారికి పనికివచ్చే మాట మరొకటున్నది. అనుమతి అడిగే నోటీసును ఆంగ్లంలో గాని, రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులోని ఏ భాషలో గాని చదువుకొనే వీలు కల్పించాలి. తెలుగు అందులో ఉన్నది. ఏ రాష్ట్రంలో నివసిస్తున్నారన్న షరతు లేదు. కనుక తల్లిదండ్రులు రేపు ఏ చదువుల యాప్‌కో "అంగీకరిస్తున్నాను" అని నొక్కే ముందు ఆ నోటీసు తెలుగులో అడగండి. మన పుటల అడుగున కూడా మనం ఏమి సేకరిస్తున్నామో, ఏమి సేకరించడం లేదో రెండు వాక్యాలు, పిల్లల అమ్మానాన్నలకు అర్థమయ్యే తెలుగులో, ఈ వారమే రాసి పెడదాం.