ఫోనెత్తే పిల్లల సంగతి

వైద్య ఆరోగ్య శాఖ కార్యదర్శి గారికి,

ఇంటర్ ఫలితాల రోజుల్లో 14416 టెలిమానస్ మానసిక సహాయ నంబరును అందరికీ గుర్తుచేస్తారు. మంచిదే. ఇలాంటి ఫోన్లు ఎత్తే పిల్లల గురించే ఈ ఉత్తరం. చాలామంది కోర్సు ముగించి నిన్నగాక మొన్న చేరినవాళ్లు.

కొత్త కౌన్సెలర్లకు నేను పర్యవేక్షకురాలిని. "చచ్చిపోవాలని ఉంది" అన్న మనిషి మధ్యలో ఫోన్ పెట్టేస్తే కొత్తమ్మాయి వెంటనే తిరిగి చేస్తుంది. స్విచ్చాఫ్. మర్నాడు పొద్దున్నే పేపర్లో జిల్లా పేజీ తిప్పుతుంది, ఆ పేరు ఉందేమోనని. కొందరు సొంత నంబరు ఇచ్చేసి, ఫోను దిండు పక్కన పెట్టుకుని పడుకుంటారు. మరికొందరు బిగుసుకుపోయి, దరఖాస్తు నింపుతున్నట్టు ప్రశ్నలడుగుతారు. నన్నడిగితే ఈ రెండో రకమే ఎక్కువ ప్రమాదం.

ఫోన్ చేసిన పేషెంటు చనిపోతే పైనుంచి వచ్చే మొదటి ప్రశ్న: "ఫైల్లో అన్నీ రాశావా?" ముందే పసిగట్టాల్సిందన్నట్టు. కానీ ఎవరు ఆత్మహత్య చేసుకుంటారో ముందే చెప్పడంలో మన అంచనాలు బొమ్మాబొరుసు కన్నా పెద్దగా మెరుగు కాదని, 50 ఏళ్ల పరిశోధనలను కలిపి చూసిన 2017 నాటి సమీక్ష తేల్చింది. పాతికేళ్ల పిల్ల జోస్యం చెప్పాలా?

అందుకే అడుగుతున్నాను: బరువైన కాల్ ముగియగానే ఇంకోటి కలపొద్దు. వారానికో గంట సీనియర్‌తో మాట్లాడే సమయాన్ని డ్యూటీలో భాగం చేయండి. పేషెంటు పోయినరోజే ఒకరు ఆ కౌన్సెలర్ పక్కన కూర్చుని మాట్లాడాలి. ఆ మాటలు విచారణ ఫైలుకెక్కకూడదు. యోగా వర్క్‌షాపులు మాత్రం వద్దండీ, చాలా అయ్యాయి. వచ్చే ఫలితాల లోపు ఈ మేరకు ఉత్తర్వు ఇవ్వగలరా?

ఇట్లు,
ఒక క్లినికల్ సైకాలజిస్టు