టీవీ కొనే ముందు

ఇప్పుడు మన వీధుల్లో అందరిదీ ఒకటే ప్రశ్న: 12,000 టీవీనా, 40,000 టీవీనా?

నన్నడిగితే, ముందు గోడకీ మీరు కూచునే చోటికీ ఎన్ని అడుగులో కొలవండి. ఐదారు అడుగుల గదికి 32 అంగుళాలు చాలు. 4కె టీవీలో ఫుల్ హెచ్‌డీకి నాలుగింతల చుక్కలుంటాయి, నిజమే. కానీ మన కేబుల్లో వచ్చే సీరియల్ 4కె కాదు కదక్కా!

2025 సెప్టెంబరు 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీలకు జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది. 32, అంతకన్నా చిన్నవాటికి ముందునుంచే 18. వాటికి "ట్యాక్స్ తగ్గింది" అంటే నమ్మొద్దు.

చవకని పేరులేని టీవీ కూడా తేవద్దు. ప్యానెల్ పోతే రిపేరు ఖర్చు దాదాపు కొత్త టీవీ అంత అవుతుంది. చింతామణికి వచ్చి రిపేరు చేసే కంపెనీదేనా అని అడగండి. వారంటీ కార్డు మీద అంగడి ముద్ర వేయించుకోండి. కరెంటు తక్కువ తినేది ఏదో స్టార్ గుర్తులు చెప్తాయి.

40,000ని 12 కంతులు చేస్తే నెలకు 3,300 పైనే. మిల్లు రెండు వారాలు నిలిస్తే కూలి ఆగుతుంది, కంతు ఆగదు. నేనైతే చిన్నది రొక్కానికి కొని, మిగిలే 28,000 పిల్లల ఫీజుకు పెడతాను.