ఆచార్యుడును శాసనసభయును

కొండవీటి పెదకోమటి వేమారెడ్డి కొలువున శ్రీనాథుడు విద్యాధికారి. ప్రభువు తానును విద్వాంసుడే. ఆ సభలో పాండిత్యమునకు కొఱత లేదు. అయినను, ఏలినవారిని నిలువదీయు హక్కు ఆ యధికారమునకు లేకుండెను. ప్రజల వోటు ఆ హక్కును పండితునకు తెచ్చిపెట్టినది. దానిని నిర్భయముగా వాడినవారిలో కట్టమంచి రామలింగారెడ్డిగారిని మేము ముందుగా స్మరింతుము.

మైసూరులో ఆచార్యపదవి నిర్వహించి, మద్రాసు శాసనసభకు వచ్చి జస్టిసు పక్షమున చేరిరి. ఆ పక్షము నడత నచ్చక వెలువడి, 1923 నవంబరులో పానగల్లు రాజాగారి మంత్రివర్గముపై అవిశ్వాస తీర్మానము తెచ్చిరి. ఆ సభ కదియే మొదటిది. అనుకూలురు 44, ప్రతికూలురు 65, తీర్మానము వీగిపోయెను. ఐనను మంత్రులు సభలో తమ నడతకు సంజాయిషీ చెప్పుకొనక తప్పలేదు. 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు ప్రథమోపాధ్యక్షులై, 1930లో ప్రభుత్వ దమననీతిని నిరసించి ఆ పదవినే వదలిరి. (1942లో వారు ‘సర్’ బిరుదమును స్వీకరించుట మాకు రుచింపదు, అది వేరు మాట.)

నేడు ఆంధ్రప్రదేశ్ శాసనమండలిలో పట్టభద్రులకు అయిదు, ఉపాధ్యాయులకు అయిదు స్థానములున్నవి. పల్నాటి పట్టభద్రులారా, వోటడుగ వచ్చు ఆచార్యుని పాండిత్యమును గూర్చి మీరు విచారింపనక్కఱలేదు. పార్టీ యాజ్ఞను మీఱి వోటిడినచో సభ్యత్వము పోవునని 1985 నాటి రాజ్యాంగ సవరణ చెప్పుచున్నది. చేయి కట్టువడినది, నిజమే. నోరు కట్టువడలేదు. తన పార్టీయే ప్రభుత్వమైన నాడు, ఖాళీపడిన అధ్యాపకుల కొలువులను గూర్చి సభలో లేచి యడుగునా? ఆ యొక్క ప్రశ్న వేయుడు.