ఇరుసుకు పూసిన రంగు యెన్నాళ్ళుంటుంది?

మొన్న ఒక పెళ్ళిపందిట్లో మదురై బంధువొకరు నన్ను పట్టుకుని, "బండిక్రింద తుప్పు పట్టకుండా రంగు వేయించాను. డబ్బు బాగానే అయింది. యిది యెన్నేళ్ళు వస్తుందన్నా?" అని అడిగారు. వారికి రెండు లారీలున్నవి; నెలకు నాలుగైదుసార్లు రామేశ్వరం పోయివస్తవి. ఆకులో అన్నం చల్లారిపోయినా నా జవాబు పూర్తికాలేదు. మిగిలినది యిక్కడ వ్రాస్తున్నాను.

మనవారికీ చక్రానికీ సంబంధం కొత్తది కాదు. కోయంబత్తూరు నల్లరేగడిలో ప్రత్తి పండించి యెద్దులబండ్లమీద తోలిన కుటుంబాలు మనవి. కలంగల్ గ్రామంలో 1893లో పుట్టిన జి.డి. నాయుడుగారు 1920లో ఒకే ఒక్క బస్సుతో, పొల్లాచి పళని నడుమ తామే నడుపుకుంటూ వ్యాపారం మొదలుపెట్టిన సంగతి మన యిళ్ళల్లో చెప్పుకునేదే. అయితే బండి కొనడం నేర్చినంతగా, దానిక్రిందికి వంగి చూడడం మనం నేర్చుకోలేదు. యిందుకు మా యిల్లే సాక్షి.

నా చిన్నతనంలో మాకొక ట్రాక్టరూ, ట్రెయిలరూ వుండేవి. యేటేటా ఆయుధపూజ ముందురోజు ట్రెయిలరు కడిగి, చట్రానికీ ఇరుసుకూ నల్లరంగు పూసేవాళ్ళం. ఆ పని పిల్లలది. పాతరంగుమీదే కొత్తరంగు, తుప్పు కనబడితే దానిమీద ఇంకొంచెం దట్టంగా. మరునాడు పసుపూ కుంకుమా పెట్టి నిమ్మకాయ తొక్కిస్తే బండి కొత్త పెళ్ళికూతురులా వుండేది. ఒక సంవత్సరం ప్రత్తిబస్తాలతో పోతుండగా, కమానుపట్టీలు చట్రానికి తగిలే చోట ఇనుము పుటుక్కున విరిగింది. బస్తాలమీద కూర్చున్న మా పాలేరు క్రిందపడి కాలు విరగ్గొట్టుకున్నాడు. నన్ను భుజాన మోసి పెంచిన మనిషి. తరువాత జీవితమంతా కుంటుతూనే నడిచాడు.

మా నాయన విరిగినచోట గోటితో గీస్తే ఉల్లిపొరల్లాగ మేము పూసిన రంగులన్నీ లేచివచ్చినవి. వాటిక్రింద ఇనుము అప్పడంలాగ పెళపెళ విరిగింది. మేము యేటేటా పూసినది కాపుదల కాదు, ముసుగు.

తుప్పు యెట్లా పుడుతుందో తెలిస్తే తక్కినదంతా తెలుస్తుంది. ఇనుమూ, నీరూ, గాలిలోని ప్రాణవాయువూ మూడూ కలిస్తేనే తుప్పు. ఉప్పు చేరితే ఆ పని వేగంగా సాగుతుంది. ఇనుముకు తడీ గాలీ తగలకుండా అడ్డుగోడ కట్టడమే రంగు చేసే పని. లోపల ముందే తుప్పు వుంటే ఆ గోడ నిలువదు. యెందుకంటే తుప్పు తడిని పీల్చి దాచుకుంటుంది, పైగా తాను పుట్టిన ఇనుముకంటే రెట్టింపుకు మించిన చోటు ఆక్రమిస్తుంది. అందుచేత రంగును లోపలినుంచి పైకి తోసేస్తుంది.

బండి పైభాగంకంటే క్రిందిభాగానికి కష్టాలు యెక్కువ. చక్రాలు విసిరే గులకరాళ్ళు ఇరుసుమీది రంగును చిట్లగొడతవి. చట్రం మూలల్లో చేరిన బురద రోజులతరబడి తడి ఆరనివ్వదు. పెట్టెలాంటి చట్రమైతే నీళ్ళు పోవడానికి వదిలిన రంధ్రాలు బురదతో పూడిపోయి, బయట మెరుస్తున్నా లోపల కుళ్ళుతుంది. పదునైన అంచులమీద రంగు పలుచబడుతుంది గనుక తుప్పు అక్కడా, వెల్డింగు అతుకులవద్దా ముందుగా తొంగిచూస్తుంది.

కాబట్టి "యెన్నేళ్ళు?" అనే ప్రశ్నకు డబ్బామీది అక్షరాలలో జవాబు లేదు. రంగు వేయకముందు యేమి చేశారన్నదే జవాబు. ముందు బురదా, ఉప్పూ నీళ్ళతో కడగాలి, గ్రీజు తుడిచివేయాలి. వదులుగా వున్న తుప్పును తీగబ్రష్షుతోనూ, మనవైపు ఉప్పుతాళు అనే గరుకుకాగితంతోనూ గీకి, బాగా ఆరనివ్వాలి. ఇసుక విసిరి శుభ్రంచేసే వసతి వుంటే మరీ మంచిది. ఆపైన తుప్పునిరోధక ప్రైమరు, అంచులకూ అతుకులకూ కుంచెతో ఒక పూత అదనంగా, తరువాత పైరంగు. ఒక దట్టమైన పూతకంటే ఆరనిచ్చి వేసిన రెండు పలుచని పూతలు మేలు. బ్రేకు భాగాలకూ, గ్రీజు పెట్టే ముక్కులకూ, చట్రంమీద చెక్కిన నంబరుకూ రంగు పూయరాదు.

ఒక హెచ్చరిక. పాతకాలపు యెర్ర సిందూరపు ప్రైమరులో సీసం వుండేది. తుప్పును బాగానే ఆపేది గాని దాని ధూళి పిల్లల మెదడుకు విషం. యిళ్ళకు వేసే రంగుల్లో సీసం పదిలక్షల పాళ్ళకు 90 పాళ్ళు మించరాదని మనదేశంలో 2016లో నియమం వచ్చింది. పాతబండి రంగు గీకేటప్పుడు తడిపి గీకండి. ముక్కుకు తగిన ముసుగు కట్టుకోండి. పిల్లలను దగ్గరికి రానివ్వకండి.

రామేశ్వరం పోయే బండ్లకు వేరే లెక్క. ఉప్పుగాలి యెంత పని చేస్తుందో 1914లో తెరచిన పాంబన్ రైలువంతెనే చెబుతుంది. మళ్ళీ మళ్ళీ రంగు వేస్తూ కాపాడుకుంటూ వచ్చినా 2022 డిసెంబరులో దానిమీద రైళ్ళు ఆపవలసివచ్చింది. 2025 యేప్రిల్‌లో తెరచిన కొత్త వంతెనకు పాలిసిలాక్సేన్ అనే ప్రత్యేకమైన పూత పూశారు. అంత ఖరీదైన పూత మన లారీకి అక్కరలేదు. సముద్రతీరంనుంచి వచ్చిన రోజే క్రిందిభాగం మంచినీళ్ళతో కడిగితే చాలావరకు చాలును.

యేడాదికి రెండుసార్లు, వానలకు ముందూ తరువాతా, బండిక్రింద చూడండి. జాకీని ఒక్కదాన్నే నమ్మి దూరకండి, గట్టి స్టాండ్లు పెట్టండి. చిన్న సుత్తితో తట్టితే మంచి ఇనుము ఖంగుమంటుంది. చెడినది బొద్దుగా పలుకుతుంది. పలుచబడిన ఇనుముకు యే రంగూ బలం తిరిగి యివ్వదు. అక్కడ కావలసినది రంగుడబ్బా కాదు, తెలిసిన మేస్త్రీ. ఎఫ్.సి.కి ముందు రంగు పూసి కళ్ళు కప్పవచ్చు. బరువు కళ్ళతో చూడదు.

మదురై తమ్ముడికి నా జవాబు యిది: నీ రంగు యెన్నేళ్ళు వస్తుందో నన్నడగకు, దానిక్రింద యేముందో రంగు వేసిన మేస్త్రీని అడుగు. రేపు ఆయుధపూజకు బండికి బొట్టుపెట్టే ముందు, ఒక్కసారి మోకాళ్ళమీద వంగి చూడు. బస్తాలమీద కూర్చునేవాడు మనల్ని నమ్మి యెక్కుతాడు.