వేలికొసన అక్షౌహిణి

అక్షౌహిణి అంటే ఎంతో మన పెద్దలు లెక్కకట్టి మరీ చెప్పారు. 21,870 రథాలు, అన్నే ఏనుగులు, 65,610 గుర్రాలు, 1,09,350 మంది కాల్బలం. అటువంటివి పదునెనిమిది కురుక్షేత్రంలో దిగాయి. వాటిని పోగుచెయ్యడానికి ఉద్యోగపర్వమంతా పట్టింది. రాయబారాలు నడిచాయి, చుట్టరికాలు గుర్తుకొచ్చాయి, అలకలు తీర్చవలసి వచ్చింది. ఈనాడు ఏలూరు పవరుపేటలోనో, తాడేపల్లిగూడెంలోనో ఇంటరు చదివే కుర్రవాడికి ఆ శ్రమ లేదు. బొటనవేలు కదిపితే చాలు, సెల్‌ఫోనులో దండు కదులుతుంది. అన్నానికి రమ్మని పిలిస్తే, "ఉండమ్మా, సైన్యం దారిలో ఉంది" అంటాడు. తల్లికి ఒళ్ళు మండడంలో ఆశ్చర్యమేమీ లేదు. అయినా ఆ సైన్యం ఏ దారిలో ఉందో మనమూ ఒకసారి తొంగిచూస్తే నష్టం లేదు.

ఇంటర్నెట్టులో ఆడే యుద్ధతంత్రపు ఆటలు చాలా ఉన్నాయి. వాటిలో పాతకాపు ట్రావియన్. 2004లో జర్మనీలో పుట్టింది. ఎక్కడెక్కడి వాళ్ళో వేలమంది ఒకే పటం మీద తలా ఒక పల్లెతో మొదలుపెడతారు. పొలాలు పెంచుకోవాలి, గాదె కట్టుకోవాలి, బంట్లను తయారుచేసుకోవాలి. ఒక ఊరి మీదికి దండును పంపితే అది కన్నుమూసి తెరిచేలోగా చేరదు. గంటలు పడుతుంది. గుర్రాలు వడిగా పోతాయి, కోటగోడలు పగలగొట్టే యంత్రాలు నత్తనడక నడుస్తాయి. అన్నిటినీ కలిపి పంపితే, అన్నిటికంటే మెల్లగా నడిచేదాని నడకే దండు మొత్తానికీ నడక. అన్నిటికీ మించి, ప్రతి బంటూ గంటగంటకూ గాదెలోని గింజలు తింటూ ఉంటాడు. గాదె ఖాళీ అయిందా, బంట్లు ఆకలికి చచ్చిపోతారు.

కాబట్టి దీన్ని వట్టి పనికిమాలిన ఆట అని కొట్టిపారెయ్యడానికి వీల్లేదు. కోటి విద్యలూ కూటికొరకే అన్న మాట దండయాత్రకు కూడా వర్తిస్తుందని ఆ ఆట కట్టినవాడికి తెలుసు. మరి తెలియనిదేమిటి? అది తెలుసుకోవాలంటే ఏ జర్మనీకో పోనక్కరలేదు. 1759లో ఒక నిజమైన దండు ఏలూరులో మూడు వారాలకు పైగా చతికిలబడి కూర్చుంది. ఆ కథ వింటే సరిపోతుంది.

బొబ్బిలి యుద్ధం 1757 జనవరిలో జరిగింది. ఫ్రెంచి సేనాని బుస్సీ అండతో బొబ్బిలిని కూల్చిన విజయనగరం ప్రభువు విజయరామరాజు, ఆ వెంటనే తాండ్ర పాపారాయుడి కత్తికి బలి అయ్యాడు. తరవాత గద్దె ఎక్కిన ఆనంద గజపతికి ఫ్రెంచివారితో పొసగలేదు. మరుసటి ఏడు బుస్సీ ఇక్కడినుంచి వెళ్ళిపోగానే ఆయన ఇంగ్లీషువారికి కబురు పంపాడు. చెన్నపట్నం వారు సుముఖంగా లేరు. బంగాళంలో ఉన్న క్లైవు మాత్రం సరేనని కర్నల్ ఫోర్డును ఓడల మీద విశాఖపట్నం పంపాడు. అయిదువందల మంది తెల్లవాళ్ళు, రెండువేల మంది సిపాయీలు, కాసిని ఫిరంగులు: అంతే ఆ దండు. సిపాయీలకు, ఫిరంగులకు ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్సుకు కొదవ లేదు. 1758 డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తి వద్ద ఇద్దరూ తలపడ్డారు. ఫోర్డు తన తెల్లసైనికులను ఏపుగా ఎదిగిన చేను చాటున నిలిపాడు. ఎర్రకోట్లు తొడిగిన సిపాయీలను చూసి, తెల్లదళం అదేనని ఫ్రెంచివారు భ్రమపడ్డారు. దెబ్బ తిన్నారు. రాజమహేంద్రవరం ఇంగ్లీషువారి చేతికి వచ్చింది.

ఆటలో అయితే ఇక్కడ బాకాలు ఊది, "తరవాత ఏ ఊరు?" అని అడుగుతారు. ఇక్కడ జరిగింది వేరు. దండు ఖర్చుకు నెలకు 50 వేల రూపాయలు ఇస్తానని గజపతి ఒప్పుకొని ఉన్నాడు. రాజమహేంద్రవరం చేతికి వచ్చాక ఇవ్వవలసిన డబ్బు అది. ఊరు చేతికి వచ్చింది, డబ్బు మాత్రం రాలేదు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య అన్న సామెత గోదావరి గట్టున అంత సరిగా అతికిన సందర్భం మరొకటి ఉండదు. గోదావరి దాటిన ఫోర్డు మళ్ళీ వెనక్కి రావలసి వచ్చింది. విశాఖలోని ఇంగ్లీషు కొఠీ పెద్ద ఆండ్రూసు మధ్యవర్తిగా వచ్చి, ఇచ్చేదంతా అప్పు కింద జమకట్టుకుందామని నచ్చజెప్పాకగాని బండి కదలలేదు. ఆ వాదులాటలో నెలకు పైగా గడిచిపోయింది. బెదిరిపోయిన ఫ్రెంచివారు బందరు కోటలో నింపాదిగా ఊపిరి పీల్చుకున్నారు.

ఫిబ్రవరి 6న ఫోర్డు ఏలూరు చేరాడు. అక్కడ మళ్ళీ ఆగాడు. వెనక వస్తున్న గజపతి రావాలి, డబ్బు రావాలి. ఈలోగా కెప్టెన్ నాక్సును పంపి నరసాపురం పట్టించాడు. మార్చి 1న గాని అసలు దండు ఏలూరు విడవలేదు.

ఏలూరుకూ బందరుకూ నడుమ కొల్లేరు ఉంది. ఆట పటంలో నీళ్ళ గడి ఎప్పుడూ నీళ్ళ గడే, నేల గడి ఎప్పుడూ నేల గడే. కొల్లేరు అటువంటి పటాలకు లొంగే సరస్సు కాదు. వానాకాలంలో బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చి పోస్తే ఒకటే సముద్రం. లంక గ్రామాలు దిబ్బల్లా పైకి తేలి ఉంటాయి. ఆ నీరు ఉప్పుటేరు గుండా మెల్లగా కడలి చేరాక, నాటి రోజుల్లో ఎండాకాలానికి అడుగు బయటపడేది. చాలాచోట్ల దున్ని పైరు వేసేవారు. ఫోర్డు దండు ఆ సరస్సు గర్భంలోనే నడిచి పోయింది. దారిలో ఫ్రెంచివారి చిన్న కోట ఒకటి అడ్డుపడితే పట్టుకున్నారు. అదే దండు ఆగస్టులో ఏలూరు చేరి ఉంటే ఆ దారి దారే కాదు. నెల్లాళ్ళు ఆలస్యం చేసిన డబ్బు తగాదా వానల దాకా సాగి ఉంటే కోస్తా చరిత్ర ఏ మలుపు తిరిగేదో!

కొల్లేరులో నీరే ఆయుధమని ఇక్కడివారికి ఏనాటినుంచో తెలుసు. కొల్లేటికోట స్థలగాథ ఒకటి ఉంది. కోట గజపతులదట. చుట్టూ నీరుండగా దాన్ని పట్టడం సాధ్యంకాక, శత్రువులు సరస్సును ఎండగట్టడానికి సముద్రం దాకా కాలువ తవ్వారట. అదే ఉప్పుటేరు అయిందంటారు. కథ నిజమైనా కాకపోయినా, ఆ లంకల్లో పుట్టిన మనిషి అల్లిన కథ అది. కోట బలం గోడలో కంటె మడుగులోనే ఉందని అతనికి తెలుసు.

మార్చి 6 నాటికి ఫోర్డు బందరు కోట ముందు దిగాడు. కోట చుట్టూ బురదమడుగులు. లోపల ఉన్నవారు బయట ఉన్న తెల్లవారికంటే ఎక్కువ. పెట్టెలో డబ్బు నిండుకుంది. జీతాలు ముట్టని తెల్లసైనికులు ఒకనాడు తుపాకులు పుచ్చుకొని బయటికి వచ్చి, దండు విడిచి పోతామన్నారు. బందరు పట్టుబడితే అక్కడ దొరికే సొమ్ము మీకే ఇప్పించడానికి పాటుపడతానని బతిమాలి ఫోర్డు వారిని నిలుపుకున్నాడు. నిజాము సలాబత్ జంగు పెద్ద సైన్యంతో బెజవాడ వచ్చాడని తెలిసి, గజపతి ఇంటిదారి పట్టాడు. ఆ దారిలోనూ శత్రువే ఉన్నాడని చెబితే వెనక్కి వచ్చాడు. చివరికి మందుగుండు రెండు రోజులకు సరిపడా మిగిలింది.

అప్పుడు ఏప్రిల్ 7 రాత్రి ఫోర్డు చేసిన పని, ట్రావియన్ ఆడే మన కుర్రవాడికి చెప్తే లేచి గంతులేస్తాడు. ఒకేసారి మూడు వైపుల దాడి. నైరుతి మడుగు దిక్కున నాక్సు చేసింది బూటకపు దాడి, ఊరి రహదారి వైపున గజపతి మనుషుల సందడి, ఈశాన్యపు బురుజు మీద అసలు దెబ్బ. సముద్రపు పాటు సమయం చూసుకొని, కందకంలో నీరు తగ్గే నడిరేయికి ముహూర్తం పెట్టాడు. తెల్లవారేసరికి కాన్‌ఫ్లాన్సు లొంగిపోయాడు. దాడి చేసినవారికంటే పట్టుబడినవారే ఎక్కువ. మే 14న సలాబత్ జంగు సంధి చేసుకొని, బందరును, చుట్టుపట్ల సీమలను ఇంగ్లీషువారికి ధారపోశాడు. ఉత్తర సర్కారుల తలరాత ఆ రాత్రితో మారింది.

అబద్ధపు దాడులు పంపి అసలు దాడిని దాచడం, అన్నీ ఒకే గడియకు తగిలేలా చూడడం ట్రావియన్ ఆటగాళ్ళకు కొట్టినపిండి. ఆ ఒక్క రాత్రి విషయంలో ఆట నిజాన్ని బాగానే పట్టుకుంది. పట్టుకోనిది అంతకుముందరి నాలుగు నెలలను. ఆటలో బంటు గింజలు తింటాడు గాని జీతం అడగడు. ఇంటికి పోతాననడు, తుపాకి పుచ్చుకొని సేనాపతి గుడారం ముందుకు రాడు. నిజమైన సేనాపతి బంట్లకు బాకీ పడతాడు. ఆటలో సేనాపతే ఎదురు చెల్లించే ఏర్పాటు కూడా ఉంది! త్వరగా ఎదగడానికి "బంగారం" కావాలంటే కంపెనీకి అసలు రూపాయలు పంపాలి. తండ్రులు కనిపెట్టి ఉండవలసిన చోటు అది.

ఇంకొకటి కూడా ఆటకు పట్టలేదు. చందుర్తిలో తెల్లదళాన్ని దాచిన ఆ చేను ఎవరిది? కొల్లేటి అడుగున దున్నుకున్నవాడి పైరు మీద ఎన్ని వేల కాళ్ళు, ఎన్ని ఎడ్లు, ఎన్ని ఫిరంగి చక్రాలు పోయాయి? ఫోర్డు పేరు, కాన్‌ఫ్లాన్సు పేరు, నాక్సు పేరు చరిత్రలో నిలిచాయి. ఆ రైతు పేరు మనం చదువుకున్న చరిత్రలో లేదు. తాడేపల్లిగూడెంలో రెండో ప్రపంచయుద్ధపు రోజుల్లో వేసిన విమానాల రన్‌వే ఉంది. యుద్ధం ఎక్కడో జరిగింది. నేల మాత్రం ఇక్కడిది పోయింది. ఏ దండు ఎక్కడికి కదిలినా ఎవరిదో ఒకరి చేనులోనుంచే కదలాలి.

కాబట్టి ఫోను లాక్కొని పిల్లవాడితో యుద్ధం ప్రకటించవద్దని నా మనవి. పక్కన కూర్చొని మూడు ప్రశ్నలు వెయ్యండి. నీ బంట్లకు జీతం ఎవరిస్తున్నారు? ఈ దారి వానాకాలంలోనూ ఉంటుందా? నువ్వు దాటే ఈ ఖాళీ గడిలో ఎవరు కాపురముంటున్నారు? జవాబు చెప్పలేకపోయినా ఆలోచనలో పడతాడు.

వీలైతే సెలవునాడు కైకలూరు మీదుగా కొల్లేటికోటకు తీసుకుపొండి. పెద్దింట్లమ్మను దర్శించుకున్నట్టూ ఉంటుంది. డెల్టా కాలువలూ చేపల చెరువుల గట్లూ వచ్చాక కొల్లేరు ఫోర్డు చూసిన కొల్లేరులా లేదు. 1999లో దాన్ని పక్షుల అభయారణ్యం చేసి, 2006లో ఎన్నో గట్లు కొట్టించవలసి వచ్చింది. అయినా నీరు నీరే, బురద బురదే. గట్టు మీద నిలబెట్టి, "రెండువేల మందినీ ఆరు ఫిరంగులనూ ఇటునుంచి బందరు చేర్చు, చూద్దాం" అనండి. వాడు ముందుగా ఏ నెలలో అని అడిగితే, వాడికి విషయం తెలిసిందన్న మాట.