జాకీని నమ్మి కారు కింద దూరొద్దు

పండక్కి అనంతపురమో చిత్తూరో బయల్దేరే ముందు కారు ఆయిల్ తామే మార్చుకుందామనుకునే తెలుగువాళ్లు మారతహళ్ళిలో ఉన్నారు. నాలుగు డబ్బులు మిగులుతాయి, పనీ తెలుస్తుంది. మంచిదే. కానీ డిక్కీలో స్టెప్నీతోపాటు వచ్చే జాకీ టైరు మార్చడానికే. దాన్ని నమ్మి కింద పడుకోకూడదు. చిన్న కారే 700 కిలోల దాకా తూగుతుంది. జాకీ జారితే తప్పుకునే వ్యవధే ఉండదు.

సెల్లారు ర్యాంపు వాలుగా ఉంటుంది, వీధిలో మట్టి దిగబడుతుంది. రెండుచోట్లా వద్దు. చదునైన సిమెంటు నేల చూసుకోవాలి. హ్యాండ్‌బ్రేక్ వేసి, గేరులో పెట్టి, వెనక చక్రాలకు అటూ ఇటూ అడ్డు పెట్టాలి. కంపెనీ పుస్తకంలో చూపిన చోటే జాకీ ఆనించి ముందు భాగం లేపాలి. ఆ బరువును ఇనుప స్టాండ్ల మీదికి దించాలి. ‘ఇటుకలు పెడితే చాలదా?’ అంటారు కొందరు. చాలదు, అవి ఉన్నట్టుండి పగులుతాయి. కారును ఊపి చూసి, కదలకపోతేనే కిందికి వెళ్లాలి.

స్టాండ్లు ఇంటింటా కొనక్కర్లేదు. అపార్టుమెంటు సంఘమే ఒక జత కొని వాచ్‌మన్ దగ్గర ఉంచితే అందరికీ పనికొస్తాయి. సంఘాలు ఆలోచించాలి. అవి వచ్చేదాకా ఆయిల్ పని మెకానిక్‌కు వదిలేయడమే మేలు.